పట్టుచీర మీద నీటి చుక్కలు

ప్రశ్న: మా అబ్బాయి బట్టల ముడతలు ఆవిరితో పోగొట్టే, నిలబెట్టి వాడే స్టీమర్ కొనిచ్చాడు. పట్టుచీరకి ఆవిరి పడుతుంటే మధ్యలో నీళ్లు కక్కుతోంది. గంజి పెట్టిన మంగళగిరి చీరకేమో ముడతలే పోవడం లేదు. లోపం మెషిన్‌దా, నాదా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇద్దరిదీ కాదండీ, ఆవిరి వచ్చే గొట్టానిది. అది వంపు తిరిగి కిందికి వేలాడితే ఆవిరి అక్కడే చల్లబడి నీరవుతుంది. ఆ నీళ్లే గుడగుడమంటూ చీర మీద పడతాయి. ఆ చప్పుడు వినగానే హ్యాండిల్ పైకెత్తి గొట్టాన్ని నిటారుగా పట్టుకోండి, నీళ్లు వెనక్కి జారిపోతాయి. మొదటి ఆవిరి ఏ పాత తువ్వాలు మీదో వదిలేయండి. పట్టుకి లోపలివైపు నుంచి, కాస్త ఎడంగా పట్టాలి. ఒంటి మీదున్న బట్టకి మాత్రం వద్దు. పెళ్లికి వెళ్లే హడావుడిలో తొడుక్కున్న జాకెట్టుకే పట్టి నేను మోచెయ్యి కాల్చుకున్నాను. మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా అందరికీ అదే కథ చెప్పాల్సొచ్చింది!

గంజి చీర సంగతంటారా, ఆవిరికి నొక్కే బరువు లేదు. పైగా గంజి మెత్తబడిపోతుంది. దానికి ఇస్త్రీ పెట్టే, లేదంటే వీధి చివర ఇస్త్రీ బండే. ట్యాంకులో బోరు నీళ్లు పోయకండి, సున్నం పేరుకుంటుంది. పనయ్యాక, చల్లారనిచ్చి మిగిలిన నీళ్లు వంచేయండి.