చైన్ సెట్ మార్చినా వెనక మోత పోలేదంటే, మొదట వెనక షాకబ్జర్ స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండులో కొన్న 125 సీసీ బండి, 38 వేల కిలోమీటర్లు తిరిగింది. 40 స్పీడు దాటితే వెనక నుంచి గుయ్యిమని మోత వస్తోంది. చైన్ సెట్ కొత్తది వేయించినా తగ్గలేదు. వచ్చే వారం భార్యని, పాపని ఎక్కించుకుని చిత్తూరు నుంచి అదే బండి మీద తిరుమలకి రావాలని ఉంది, రావచ్చా అని అడిగారు. వెనక చక్రం బేరింగులు (చక్రం సాఫీగా తిరగడానికి మధ్యలో ఉండే ఉక్కు గుండ్ల రింగులు) చూసుకోకుండా రావద్దండి. చూసుకోవడానికి పది నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు. ఒకవేళ పాడైనా, మార్పించడానికి అయ్యేది మీరు చైన్ సెట్‌కి పెట్టిన దాంట్లో సగం కూడా ఉండదు.

నేను మెకానిక్‌ని కాను. తిరుపతిలో ఉంటాను, మందుల కంపెనీలో రెప్రజెంటేటివ్‌ని. ఒక రోజు పుత్తూరు, ఒక రోజు పాకాల, ఒక రోజు శ్రీకాళహస్తి, ఏ రోజు చూసినా బండి మీద వంద కిలోమీటర్లు ఉంటుంది. ఒకే చక్రానికి నాలుగు నెలల్లో రెండుసార్లు బేరింగులు మార్పించాల్సి వచ్చింది. రెండోసారి మెకానిక్ పక్కనే కూర్చుని ప్రతి ముక్కా చేత్తో పట్టుకుని చూశాను. అప్పుడు తెలుసుకున్నదే మీకు రాస్తున్నాను.

2021 నవంబర్‌లో తిరుపతికి వరదలొచ్చాయి కదా, ఆ రాత్రి మా వీధిలో బండి చక్రాల హబ్ (చక్రం మధ్యలో ఉండే లావు భాగం) మునిగేంత నీళ్లలో తెల్లారేదాకా ఉండిపోయింది. నీళ్లు తీశాక ఇంజనాయిల్ మార్పించాను, ప్లగ్గు, కార్బురేటర్ శుభ్రం చేయించాను. బండి స్టార్టయింది, అంతటితో అయిపోయిందనుకున్నాను. చక్రం సంగతి నాకూ గుర్తు రాలేదు, మెకానిక్‌కీ గుర్తు రాలేదు. సంక్రాంతి నాటికి వెనక నుంచి సన్నగా మోత మొదలైంది. టైరు అరిగిందేమో అనుకున్నాను. టైరు మోత అయితే రోడ్డుని బట్టి మారుతుంది. గరుకు రోడ్డు మీద ఎక్కువ, నున్నటి తారు మీద తక్కువ. నాది ఏ రోడ్డు మీదైనా ఒకేలా ఉంది, స్పీడుని బట్టి మాత్రమే పెరుగుతోంది. అది తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

మీరు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఖాళీ రోడ్డు చూసుకుని 45లో వెళ్తూ ఒక్క క్షణం క్లచ్ పట్టి ఆక్సిలేటర్ వదిలేయండి. ఇంజను చప్పుడు దిగిపోయినా గుయ్యిమనే మోత అలాగే ఉంటే, అది ఇంజనుది కాదు, చక్రాల వైపు నుంచి వస్తోంది. బండి ఆపొద్దు, తాళం తియ్యొద్దు, క్లచ్ ఒక్కటే.

తర్వాత ఇంటికొచ్చి బండికి మెయిన్ స్టాండు వేయండి. మొదట వెనక చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఒక వైపు లాగుతూ ఇంకో వైపు నెట్టండి. తర్వాత ముందూ వెనకా పట్టుకుని అలాగే చేయండి. మంచి బేరింగుల మీద చక్రం బండరాయిలా కదలకుండా ఉంటుంది. టక్ టక్ మని కొంచెం కదిలినా లూజు ఉన్నట్టే. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. చక్రం ఒక్కటే కదులుతోందా, స్వింగ్ ఆర్మ్‌తో (వెనక చక్రాన్ని బండికి పట్టి ఉంచే చేతులు) కలిసి కదులుతోందా అన్నది కంటికి దొరకదు. ఇంట్లో ఎవరినైనా చక్రం ఊపమని చెప్పి, మీరు చక్రం హబ్, స్వింగ్ ఆర్మ్ కలిసే సందులో వేలు పెట్టండి. రెండింటి మధ్య తేడా వేలికి తగిలితే బేరింగు. రెండూ కలిసి ఊగితే లూజు స్వింగ్ ఆర్మ్ బుష్‌ది, అంటే అది బండికి కలిసే చోట ఉండే గొట్టం ముక్కది. ముందు చక్రానికీ ఇలాంటి అయోమయమే వస్తుంది. అక్కడ హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్ సెట్ లూజు చూసి బేరింగు అనుకుంటారు. ఫోర్కుతో (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) సహా కదిలితే కోన్ సెట్, ఫోర్కు నిలబడి చక్రం ఒక్కటే కదిలితే బేరింగు.

కానీ లూజు కనిపించలేదని నిశ్చింతగా ఉండకండి. నా బండికి మోత మొదలైన నెల తర్వాత కూడా చక్రంలో ఊగుడు లేదు. ఊగుడు వచ్చిందంటే అప్పటికే చాలా అరిగిపోయిందని అర్థం. ముందుగా పట్టిచ్చేది స్ప్రింగు పరీక్ష. ఎడమ చెయ్యి వెనక షాకబ్జర్ స్ప్రింగు మీద మెత్తగా ఆనించండి, కుడి చేత్తో చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. బేరింగు బాగుంటే స్ప్రింగులో ఏమీ తెలియదు. తుప్పు పట్టినా, గుంటలు పడినా, లోపల ఇసుక నలుగుతున్నట్టు ఒక సన్నటి గరగర స్ప్రింగు గుండా అరచేతిలోకి వస్తుంది. చెవికి వినిపించనిది కూడా చేతికి తెలుస్తుంది. నేను మొదటిసారి ఇలా చూసినప్పుడు ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే ముందు రోజే మా అబ్బాయిని ఎక్కించుకుని శ్రీకాళహస్తి వెళ్లొచ్చాను.

వెనక చైను బరువు వల్ల ఈ గరగర సరిగ్గా తెలియకపోతే, యాక్సిల్ (చక్రం మధ్యలోంచి వెళ్లే ఇరుసు) లూజు చేసి, చక్రం ముందుకు జరిపి, చైను తప్పించి, మళ్లీ యాక్సిల్ బిగించి తిప్పి చూడండి. బ్రేక్ లైనింగు తగిలితే వచ్చే చప్పుడు వేరు. అది చక్రం ఒక చుట్టులో ఒకే చోట స్‌స్ మంటుంది. బేరింగు గరగర చుట్టూ ఉంటుంది. హబ్ వేడిని మాత్రం అంతగా నమ్మకండి. డ్రమ్ బ్రేకు పట్టేసినా హబ్ కాలుతుంది.

లోపల జరిగేది ఇదీ. చక్రం హబ్‌లో అటొకటి ఇటొకటి బేరింగులు ఉంటాయి. కొన్ని బండ్లకి స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) వైపు మూడోది కూడా ఉంటుంది, మీ బండికి ఉందేమో అడగండి, ఉంటే అదీ చూడమనండి. బేరింగు అంటే రెండు రింగులు, మధ్యలో ఉక్కు గుండ్లు, వాటికి గ్రీజు. గుండ్లు దొర్లే దారి అద్దంలా నున్నగా ఉండాలి. నీళ్లు చేరితే గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి పల్చబడుతుంది, ఆ నున్నటి దారిలో తుప్పు చుక్కలు పడతాయి. ఇక గుండు ఆ చుక్క మీదుగా వెళ్లిన ప్రతిసారీ చిన్న దెబ్బ. స్పీడు పెరిగే కొద్దీ ఆ దెబ్బలన్నీ కలిసి గుయ్యిమని మోతగా వినిపిస్తాయి.

నీళ్లు ఎలా చేరతాయంటే, వరద ఒక్కటే కాదు. ఎండలో యాభై కిలోమీటర్లు వచ్చిన చక్రం హబ్ వేడిగా ఉంటుంది. ఆ వేడి మీద నీళ్లలోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుని, సీలు (నీళ్లు, దుమ్ము ఆపే మూత) అంచుల నుంచి నీటిని లోపలికి పీలుస్తుంది. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే ఎన్ని బండ్లు అలా దిగుతాయో తిరుపతి వాళ్లకి తెలుసు. అంతకంటే ఎక్కువ చేటు చేసేది వాటర్ సర్వీసు గన్ను. అంత ప్రెషరుతో నేరుగా హబ్ మధ్యలో కొడితే ఏ సీలూ ఆగదు. నేనిప్పుడు సర్వీసుకిచ్చినప్పుడు దగ్గరే నిలబడి, అక్కడ కొట్టొద్దు, గుడ్డతో తుడవమని చెప్తాను. ఒక్క మాట చెప్తే అబ్బాయిలు వింటారు.

మీ బండి సెకండ్ హ్యాండుది కాబట్టి ఇంకొకటి కూడా అడుగుతున్నాను. ముందు ఓనరు పాల క్యాన్లు కట్టేవాడా? మన వైపు 40 లీటర్ల క్యాన్లు రెండు పక్కలా వేలాడదీసుకుని తిరిగే బండ్లు ఎన్నో. ఒక పక్క దించేసి ఒక పక్క బరువుతో గుంతల్లో పోతే వెనక బేరింగుల మీద పడే భారం మామూలుది కాదు. క్యాన్లు కట్టిన బండి అయితే క్యాన్లు తగిలించే కడ్డీల మీద రంగు పోయి గీతలు ఉంటాయి, చూడండి.

ఇక నేను రెండోసారి ఎందుకు మార్పించాల్సి వచ్చిందో చెప్పాలి, ఇది మీకు ఎక్కువ పనికొస్తుంది. మొదటిసారి ఇచ్చిన చోట, నేను టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. మోత పోయింది, సంతోషంగా వచ్చేశాను. రెండు నెలలకి మళ్లీ అదే మోత, ఈసారి ఇంకా పెద్దగా. ఆటోనగర్ వైపు ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చక్రం విప్పి, ఒక పక్క బేరింగు తీసి, హబ్ లోపలికి వేలు పెట్టి చూసి, "ఏం సామీ, లోపల గొట్టం ఏదీ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు ఇంకో బండి చక్రంలోంచి తీసి చూపించారు. జానెడు కూడా లేని ఇనుప గొట్టం, దాన్ని స్పేసర్ అంటారు. రెండు బేరింగుల లోపలి రింగుల మధ్య అది నిలబడుతుంది, దాని గుండానే యాక్సిల్ వెళ్తుంది. యాక్సిల్ నట్టు ఎంత బిగించినా ఆ బిగువంతా గొట్టం భరిస్తుంది. గొట్టం లేకపోతే నట్టు బిగించే కొద్దీ రెండు లోపలి రింగులూ ఒకదాని వైపు ఒకటి నొక్కుకుని, గుండ్లు దారి మధ్యలో కాకుండా పక్క గోడని ఒరుసుకుంటూ తిరుగుతాయి. కొత్త బేరింగు అయినా వేడెక్కి కొన్నాళ్లకే పోతుంది. మొదటిసారి పని చేసినవాళ్లు గొట్టం బయటికి తీసి, మళ్లీ వేయడం మరిచిపోయారు. సరైన పొడవు గొట్టం తెప్పించడానికి ఒక రోజు పట్టింది. బండి అక్కడే వదిలి, ఆ రోజు పాకాలకి బస్సులో వెళ్లాను.

అందుకే మీరు మార్పించేటప్పుడు దయచేసి దగ్గరుండండి. గొట్టం లోపలికి వెళ్లడం కళ్లతో చూడండి. బేరింగుని దించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. అదే సైజు సాకెట్టు గానీ, పాత బేరింగు గానీ పైన పెట్టి కొడితే సరిపోతుంది. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా వెళ్లి, దొర్లే దారిలో సొట్టలు పెడుతుంది, చక్రం రోడ్డెక్కకముందే బేరింగు పాడవుతుంది. ఆ పెద్దాయన హబ్ మీద మరిగే నీళ్లు పోసి, తుడిచి, తర్వాత దించారు. అల్యూమినియం హబ్ వేడికి కాస్త విచ్చుకుంటుంది, బేరింగు రెండు మెత్తటి దెబ్బలకే కూర్చుంది. సీళ్లు పాతవి వేయనివ్వకండి.

బేరింగు కొనేటప్పుడు పాతదాని అంచు మీద నంబరు చదవండి. నాదాని మీద 6301 అని ఉంది. చివరి రెండంకెలు లోపలి రంధ్రం సైజు చెప్తాయి. 01 అంటే 12 మిల్లీమీటర్లు, 02 అంటే 15, 03 అంటే 17. 6201కీ 6301కీ రంధ్రం ఒకటే, కానీ బయటి కొలత 32, 37 మిల్లీమీటర్లు. కాబట్టి నాలుగంకెలూ సరిపోవాలి. నంబరు తర్వాత 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు, జెడ్‌జెడ్ అంటే రేకు మూత. మన వానలకి నేను రబ్బరు సీలుదే అడిగి వేయించుకున్నాను. ఏ అక్షరమూ లేకపోతే మూత లేనిది, దానికి గ్రీజు చేత్తో నింపాలి. రెండు బేరింగులు, సీలు, కూలి కలిపి నాకు ఆరు వందల లోపే అయింది. రెండూ ఒకేసారి మార్పించండి. ఒకటి పోయిందంటే రెండోది కూడా అవే నీళ్లు తాగి ఉంటుంది.

ఇంకొన్నాళ్లు నడిపి చూద్దాం అనిపిస్తే, అలా చేయకండి. బాగా పాడైన బేరింగు బిగుసుకుపోయి, బయటి రింగు హబ్‌లోనే తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు హబ్ రంధ్రమే పెద్దదైపోయి కొత్త బేరింగు నిలవదు, హబ్బే మార్చాలి. డబ్బు సంగతి పక్కన పెట్టండి. కొండ దిగేటప్పుడు మొదటి ఘాట్ రోడ్డులో 36 మలుపులు. ముగ్గురి బరువుతో బ్రేకు మీద దిగుతుంటే, ఊగే వెనక చక్రం మలుపులో పక్కకి జరిగినట్టు అనిపిస్తుంది. ముందు డిస్కు ఉన్న బండ్లకి ముందు బేరింగు లూజైతే ఇంకో ప్రమాదం ఉంది. ఊగే డిస్కు, దాన్ని నొక్కి పట్టే బ్రేకు ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తుంది, మొదటిసారి లివరు పట్టినప్పుడు బ్రేకు అందదు. అందుకే ముందు చక్రాన్ని కూడా అదే రోజు చూసేయండి.

పని అయ్యాక చివరగా ఒకటి చూడండి. యాక్సిల్ నట్టు వేళ్లతో పెట్టినప్పుడు చక్రం ఒకసారి తిప్పండి, స్పానరుతో పూర్తిగా బిగించాక మళ్లీ తిప్పండి. రెండుసార్లూ ఒకేలా తిరగాలి. బిగించాక బరువుగా తిరిగితే లోపల గొట్టం లేదు, లేదా పొట్టిది వేశారు. అప్పుడు డబ్బులివ్వకుండా మళ్లీ విప్పించండి. ఆదివారం పొద్దున స్ప్రింగు మీద చెయ్యి పెట్టి చూసి, చేతికి ఏం తెలిసిందో ఇక్కడే రాయండి. పాత బేరింగు నంబరు కూడా రాస్తే, ఏది కొనాలో చెప్తాను.