ఒక్కసారి తీసిన ఫొటోలతో కృష్ణ ఒడ్డుకి మార్కులు వేయకండి

ప్రకాశం బ్యారేజీ దిగువన కరకట్ట వెంట ఏ భాగాన్ని కాపాడాలో తేల్చడానికి నది అందానికి మార్కులు ఎలా వేయాలని అడిగారు. పీజీ ప్రాజెక్టుకి మేం ముగ్గురం ఇదే పని చేశాం. మొదటిసారి బోర్లా పడ్డాం.

ఆగస్టులో గేట్లు ఎత్తినప్పుడు యనమలకుదురు వైపు పది చోట్ల ఫొటోలు తీసి, తెలిసినవాళ్ళని పదికి ఎన్నిస్తారో అడిగాం. నీళ్ళు నిండుగా కనిపిస్తే చాలు, ఎనిమిదీ తొమ్మిదీ ఇచ్చేశారు. మే నెలలో వెళ్తే అక్కడంతా ఇసుక తిన్నెలు, మధ్యలో సన్నటి పాయ. చోటుకి వేశామనుకున్న మార్కులన్నీ గేట్ల నుంచి వదిలిన నీళ్ళకి పడ్డాయన్నమాట. అమెరికాలో పూడర్ నది మీద ఇలాగే కొలిస్తే, ప్రవాహం పెరిగేకొద్దీ మార్కులు పెరిగి, ఒక హద్దు దాటాక తగ్గాయి.

ఎవరిని అడుగుతున్నారో కూడా చూసుకోండి. మా వరద ఫొటోకి ఒక జాలరి పెద్దాయన రెండే మార్కులిచ్చాడు. "ఎర్రనీళ్ళొస్తే వల దింపలేం బాబూ, ఇందులో అందమేంటి?" అన్నాడు. ఆయన ఏరింది మే నెల ఫొటో: పాయ ఒడ్డున తిరగేసిన పడవ, దానిమీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. మేమైతే దాన్ని పక్కన పడేసేవాళ్ళమే.

కాగితం మీద లెక్కకి అమెరికా నదుల శాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ 1969లో చెప్పిన పద్ధతి పనికొస్తుంది. నది వెడల్పు, నీటి రంగు, చెత్త, కట్టడాలు లాంటి 46 అంశాలు తీసుకుని, ఒక్కో లక్షణం ఎన్ని చోట్ల ఉందో చూస్తారు. 12 చోట్లు పోలిస్తే, ఒక్కచోటే ఉన్న లక్షణానికి 1 మార్కు, అన్నిటా ఉంటే మార్కులో 12వ వంతు. చిక్కేంటంటే ఇది చెప్పేది అరుదు గురించే. మురుగుకాలవ కలిసే చోటు ఒక్కటే ఉంటే దానికీ ఫుల్ మార్కులే! అందుకే జనం మార్కుల్ని, ఈ లెక్కని కలిపి ఒకే అంకె చేయకండి, పక్కపక్కన రాయండి. మేం కలిపి రాసి వైవాలో తిట్లు తిన్నాం.

వరదలో, వరద తీశాక, ఎండాకాలంలో, మూడుసార్లూ ఒకేచోట నిలబడి, జూమ్ లేకుండా తీయండి. మేం కిలోమీటరు రాళ్ళకి సున్నం బొట్టు పెట్టుకున్నాం. నవంబరులో వెళ్తే ఒక రాయి ముందు రెల్లు మనిషెత్తు లేచి, నది అసలు కనపడలేదు. ఆ ఫొటో కూడా రిపోర్టులో పెట్టాం.