పడవ సరే, నడిపేదెవరు?

ప్రశ్న: జూలైలో మేం ఆరుగురం క్రొయేషియాలో వారం పాటు యాట్ అద్దెకు తీసుకుని దీవులు తిరగాలనుకుంటున్నాం. ఎవరికీ పడవ నడపడం రాదు. కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా! కాకపోతే స్కిప్పర్‌ని, అంటే పడవ నడిపే మనిషిని పెట్టుకోవాలి, లైసెన్సు లేనిదే పడవ మీ చేతికివ్వరు. అతని తిండి ఖర్చు మీదే, పడుకోవడానికి ఓ క్యాబిన్ కూడా ఇవ్వాలి కాబట్టి మూడు కాదు, నాలుగు క్యాబిన్ల పడవ చూడండి. అద్దె సాధారణంగా శనివారం నుంచి శనివారానికి. స్ప్లిట్ రేవులో ఎక్కి బ్రాచ్, హ్వార్, విస్ దీవులు చూస్తే చాలు, అన్నీ చుట్టేద్దామంటే చివరికి ఇంజిన్ చప్పుడే మిగులుతుంది. నన్నడిగితే సెప్టెంబర్ నయం, నీళ్లింకా వెచ్చగానే ఉంటాయి, రేవుల్లో జూలై అంత రద్దీ ఉండదు. ఇండియా పాస్‌పోర్టయితే షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు ఉమ్మడి వీసా) కావాలి. గట్టి సూట్‌కేసులు వద్దు, మడిచి దాచే బ్యాగులే తెచ్చుకోండి. ఆవకాయ సీసా మూతకి టేపు చుట్టండి, పడవ ఒక పక్కకి ఒరిగిందంటే నూనె పరుపుల మీదే!