కాక్టస్‌కి వారానికో గ్లాసు నీళ్ళు... ఈ లెక్క ఎవరు పెట్టారండీ?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కాక్టస్, సక్యులెంట్ (ఒంట్లో నీళ్ళు దాచుకునే దళసరి) మొక్కల మీదే ఉన్నాయి, అందుకని ఈ సంచికలో మొత్తం చోటు వాటికే ఇచ్చేశాను. ఒకేలా ఉన్నవి కలిపి ఒక ప్రశ్నగా వేశాను, మీది అచ్చం అలాగే కనబడకపోయినా జవాబు ఇందులోనే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, పసుపు ముళ్ళతో గుండ్రంగా ఉండే గోల్డెన్ బారెల్ కాక్టస్ తెచ్చుకున్నాను. వారానికి ఒక గ్లాసు నీళ్ళు పొయ్యమన్నారు, తప్పకుండా పోస్తున్నాను. ఇప్పుడు మొదలు దగ్గర మెత్తబడి గోధుమరంగుకి తిరిగింది, ఒక పక్కకి వాలింది కూడా. నీళ్ళు చాలట్లేదా? బతికించుకోవచ్చా?

జవాబు: ఇంక ఒక్క చుక్క కూడా వద్దండీ. మొదలు మెత్తబడిందంటే వేరుకుళ్ళు పైకి పాకుతోందని అర్థం. ఈరోజే కుండీలోంచి తీసెయ్యండి, రేపటిదాకా ఆగొద్దు. మట్టి దులిపి చూడండి, బాగున్న వేరు గట్టిగా ఉంటుంది, కుళ్ళిన వేరు లాగితే పై తొక్క జారిపోయి లోపల దారం లాంటిది మాత్రం మిగుల్తుంది. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి కుళ్ళిన భాగం మొత్తం కోసెయ్యండి. కోశాక అడ్డకోతలో చూడండి, మధ్యలో చిన్న గోధుమ చుక్కో నారింజ రంగు గీతో కనబడినా ఇంకా పైకి కొయ్యాల్సిందే, ప్రతి కోతకి ముందు కత్తి మళ్ళీ తుడవాలి, లేదంటే కుళ్ళు తెచ్చే ఫంగస్‌ని మనమే పైకి ఎక్కించినట్టవుతుంది. లోపలంతా ఒకే రంగులో శుభ్రంగా కనబడ్డాక ఆపి, నీడలో గాలి తగిలే చోట పెట్టి ఆరనివ్వండి. ఇంత వెడల్పు కోత ఆరి గట్టిగా పక్కు కట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తొందరపడొద్దు. ఆ తర్వాత పొడిగా ఉన్న ఇసుక మిక్స్ మీద కూర్చోబెట్టండి, కొత్త వేళ్ళు వచ్చేదాకా తడపొద్దు. ఉన్నమాట చెప్పాలంటే స్తంభంలా పెరిగే రకాలు ఇలా తేలిగ్గా వేళ్ళు వేస్తాయి గానీ గుండ్రటి బారెల్స్ మొండివి, సగం పైకి కుళ్ళు ఎక్కేసి ఉంటే ఆశ తక్కువే.

ఇప్పుడు ఆ వారానికో గ్లాసు సంగతి. ఇది దాదాపు ప్రతి ఉత్తరంలో ఉంది, ఇన్ని మొక్కలు ఈ ఒక్క మాట వల్ల పోతున్నాయని చదువుతుంటే బాధేస్తోంది. నీళ్ళు ఎప్పుడనేది తేదీ చెప్పదండీ, మట్టి చెప్తుంది, మొక్క చెప్తుంది. చిన్న మట్టికుండీలో మంచి ఎండలో ఉన్న మొక్క నాలుగు రోజుల్లో ఆరిపోవచ్చు, అదే మొక్క ప్లాస్టిక్ కుండీలో గది మూలన ఉంటే నెలైనా లోపల చెమ్మ పోదు, రెండింటికీ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

అసలు ఇవి నీళ్ళు ఎలా దాచుకుంటాయో తెలిస్తే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. మామూలు మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, ఆ తెరిచిన దారినే నీళ్ళు ఆవిరైపోతుంటాయి. కాక్టస్‌లు, చాలా సక్యులెంట్లు పగలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి, రాత్రి తీసుకున్న గాలిని మాలిక్ యాసిడ్‌గా మార్చి దాచుకుని తెల్లారాక వెలుతురులో వాడుకుంటాయి. దీన్నే సీఏఎమ్ పద్ధతి అంటారు. అంటే ఖర్చు బాగా తక్కువ, పైగా ఒళ్ళంతా నిల్వే. అలాంటి మొక్క వేళ్ళ చుట్టూ మట్టి రోజుల తరబడి తడిగా ఉంటే వేళ్ళకి గాలి అందదు, ఊపిరాడని వేళ్ళలోకి పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం లాంటి కుళ్ళు తెచ్చే సూక్ష్మజీవులు దూరతాయి. మీ బారెల్‌కి జరిగింది ఇదే.

కాబట్టి ఒక పుల్ల తీసుకుని కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి, చెమ్మ గానీ మట్టి గానీ అంటుకుంటే ఆగండి. పూర్తిగా ఆరాక ఇంకో రెండు మూడు రోజులు ఆగినా దానికేం కాదు. పోసేటప్పుడు మాత్రం చెంచాలతో చిలకరించొద్దు, అడుగు చిల్లులోంచి కారేదాకా నిండుగా పొయ్యండి, కింద ప్లేట్లో చేరిన నీళ్ళు పారబొయ్యండి. ఎడారిలో వాన పడితే అలాగే పడుతుంది, గట్టిగా ఒకసారి, తర్వాత చాలాకాలం ఏమీ ఉండదు. చలికాలంలో చాలా కాక్టస్‌లు ఎదుగుదల ఆపేసి పడుకుంటాయి, అప్పుడు నీళ్ళు దాదాపు మానేయొచ్చు. దాహం వేసిన మొక్క ముడతలు పడుతుంది, సన్నబడుతుంది కానీ గట్టిగానే ఉంటుంది, నీళ్ళు ఎక్కువైన మొక్క పసుపు రంగుకి తిరిగి గాజులా మెరుస్తూ మెత్తబడుతుంది. మొదటిది ఒక్క తడికి తేరుకుంటుంది, రెండోది కష్టం.

ప్రశ్న: నీళ్ళు బాగా దిగాలని కుండీ అడుగున గులకరాళ్ళు పరిచి పైన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) నింపాను. అయినా మొక్కలు పోతున్నాయి.

జవాబు: అడుగున రాళ్ళు వేస్తే నీళ్ళు దిగుతాయనేది చాలామంది నమ్మేదే కానీ నిజం కాదండీ. సన్నటి మట్టిలోంచి నీళ్ళు పెద్ద రాళ్ళలోకి తేలిగ్గా దిగవు, పైమట్టి పూర్తిగా నానాకే కిందకి కారతాయి, అంటే తడి ఉండే పొర రాళ్ళ మందం మేర పైకి జరిగి వేళ్ళకి ఇంకా దగ్గరవుతుంది. ఆ రాళ్ళే మట్టిలో కలపండి, పనికొస్తాయి. సగానికి తక్కువ కాకుండా, కాక్టస్‌కైతే ఇంకా ఎక్కువే, రాతి భాగం ఉండాలి: ప్యూమిస్, పెర్లైట్, ముతక ఇసుక, జల్లెడ పట్టిన ఇటుకముక్కలు, ఏది దొరికితే అది, రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల సైజులో, దుమ్ము మొత్తం జల్లించేసి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. వట్టి కోకోపీట్‌తో రెండు బాధలు, తడిస్తే ఆరదు, బాగా ఎండిపోయాక నీళ్ళు పోస్తే పీల్చుకోకుండా పక్కనుంచి జారిపోతాయి, మనం పోశామనే అనుకుంటాం, వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. కుండీ కూడా మొక్క కన్నా చుట్టూ ఒక వేలు మందం వెడల్పుంటే చాలు, పెద్దది పెడితే వేళ్ళు లేని చోట తడి అలాగే కూర్చుంటుంది. చిల్లు లేని కుండీ ఎంత అందంగా ఉన్నా వాడొద్దు.

ప్రశ్న: అక్కా, నా ఎచెవేరియా తెచ్చినప్పుడు గులాబీ పువ్వులా ముద్దుగా ఉండేది, ఇప్పుడు ఆకులు దూరందూరంగా అయిపోయి కాండం పొడుగ్గా సాగిపోయింది. ఎండలో పెడితే మళ్ళీ ముందులా అవుతుందా?

జవాబు: అవ్వదమ్మా, సాగిన కాండం మళ్ళీ కుంచించుకోదు. వెలుతురు చాలక వెతుక్కుంటూ సాగింది. కానీ దిగులు పడకు, దీనికి మంచి దారుంది. పై గుత్తిని కింద రెండు మూడు సెంటీమీటర్ల కాండం ఉంచి కోసెయ్, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి పొడి మిక్స్‌లో పెట్టు, వేళ్ళు వేస్తుంది. కుండీలో మిగిలిన మోడుని పారెయ్యకు, దాని పక్కల నుంచి పిలకలొస్తాయి. కిందనున్న ఆకులు మెల్లగా పక్కకి కదిలించి మొదలుతో సహా తీస్తే, ఆ మొదట్లోనే పిల్లమొక్క మొలకెత్తుతుంది, సగంలో తెగిన ఆకు మొలవదు. ఒక మొక్క పాడైందనుకుంటున్నావు గానీ నిజానికి పది మొక్కలు చేతిలో ఉన్నాయి!

ఒక్కటి మాత్రం జాగ్రత్త, వెలుతురు చాలలేదు కదా అని తీసుకెళ్ళి ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకు. లోపల పెరిగిన ఆకు కాలిపోయి తెల్లటి, గోధుమ మచ్చలు పడతాయి, ఆ మచ్చలు ఇక పోవు. పొద్దుటి ఎండ గంటతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచుకుంటూ పో. ఇంట్లో ఎండ పడే చోటే లేదంటే ఎచెవేరియాతో పోరాడే బదులు హవోర్తియా, గాస్టీరియా పెట్టుకో, అవి తక్కువ వెలుతురులో కూడా అందంగానే ఉంటాయి.

ప్రశ్న: పచ్చటి కాండం మీద ఎర్రటి బంతిలా ఉండే కాక్టస్ కొన్నాను, ఎర్ర భాగాన్ని విడిగా నాటుకోవచ్చా?

జవాబు: నాటితే బతకదండీ. ఆ ఎర్ర బంతి జిమ్నోకాలీసియం అనే కాక్టస్‌లో పత్రహరితం లేని రకం, తన ఆహారం తను చేసుకోలేదు, కింద ఉన్నది డ్రాగన్ ఫ్రూట్ కాండం, దానికి అంటు కట్టి బతికిస్తున్నారు. సాధారణంగా కొన్నేళ్ళే ఉంటుంది. పక్కన పిల్లలు వస్తే కొత్త కాండానికి మళ్ళీ అంటు కట్టుకోవచ్చు.

ప్రశ్న: ముళ్ళ మధ్య తెల్లటి దూది లాంటిది కనబడుతోంది, చీమలు కూడా తిరుగుతున్నాయి.

జవాబు: ముందు ఒకటి చూసుకోండి, కొన్ని మామిలేరియా కాక్టస్ రకాలకి పుట్టుకతోనే తెల్ల నూగు ఉంటుంది, అది అంతటా ఒకే వరసలో ఉంటుంది. అక్కడక్కడా ముద్దలుగా, జిగురుగా, చీమలతో సహా ఉంటే అది పిండినల్లి. చీమలు ఆ తీపి జిగురు కోసమే వస్తాయి. మొక్కని మిగతావాటికి దూరంగా పెట్టి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి ఒక్కో ముద్దకీ అద్దండి, సాయంత్రం పూట చెయ్యండి, ఎండలో చేస్తే మొక్క కాలుతుంది. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి చొప్పున మూడు నాలుగు వారాలు చెయ్యాలి. పైన ఏమీ లేకుండా మొక్క ఎదగడం మానేస్తే కుండీలోంచి తీసి వేళ్ళు చూడండి, వేళ్ళ మీద బతికే పిండినల్లి కూడా ఉంది, అలాంటప్పుడు మట్టి మొత్తం పారేసి వేళ్ళు కడిగి ఆరబెట్టి కొత్త మిక్స్‌లో పెట్టాలి. నాగజెముడు మీద తెల్ల దూది నలిపితే ఎర్రటి రంగు వస్తే అది కోచినీల్ పురుగు, ఎర్ర కార్మైన్ రంగు తీసేది దాని జాతి నుంచే. ఎరువుల్లో నైట్రోజన్ ఎక్కువైతే ఒళ్ళు లేతగా మెత్తగా పెరిగి ఈ పురుగులకి ఇంకా సులువవుతుంది, ఇదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఐదేళ్ళయింది, నా కాక్టస్‌లు ఒక్క పువ్వు పూయలేదు. నాతోపాటు కొన్న వాళ్ళవి కొన్నప్పుడే పువ్వులతో వచ్చాయి!

జవాబు: ఆ పువ్వులు ఒకసారి ముట్టుకుని చూడమనండి, కాగితంలా గరగరలాడుతూ నెలల తరబడి వాడకుండా ఉంటే అవి ఎండుపూలు, జిగురుతో అతికించి అమ్ముతారు. కాక్టస్‌కి జిగురు అంటించి అమ్మడం నాకు అస్సలు నచ్చదు, ఊడబీకితే మొక్క చిగురే దెబ్బతింటుంది.

పూయడం రకాన్ని బట్టి ఉంటుందండీ. రెబూషియా, చాలా మామిలేరియాలు రెండు నాలుగేళ్ళకే పూస్తాయి. గోల్డెన్ బారెల్ పూయాలంటే పెద్దదవ్వాలి, పదిహేను ఇరవై ఏళ్ళు పట్టొచ్చు. ఉత్తర అమెరికాలోని సోనోరా ఎడారిలో ఉండే సగ్వారో కాక్టస్ అయితే తొలి పువ్వుకే ముప్ఫై ఐదేళ్ళో, అంతకన్నా ఎక్కువో తీసుకుంటుంది. మరో మాట, ఈ గోల్డెన్ బారెల్ ప్రపంచమంతా కుండీల్లో ఉంది కానీ మెక్సికోలో దాని సొంత చోట అంతరించే ప్రమాదంలో ఉంది, 1990ల్లో జిమాపాన్ డ్యామ్ కట్టినప్పుడు అది పెరిగే నేల చాలావరకు మునిగిపోయింది. అందుకే అడవిలోంచి తవ్వి తెచ్చిన మొక్కలు ఎవరమ్మినా కొనకండి, విత్తనంతో పెంచినవే అడగండి.

వయసొచ్చిన మొక్క పూయట్లేదంటే రెండే అడగండి: ఎండ చాలుతోందా, చలికాలంలో నీళ్ళు మానేసి చల్లగా విశ్రాంతి ఇచ్చారా? ఆ విశ్రాంతి లేకపోతే చాలా రకాలు మొగ్గ వెయ్యవు. క్రిస్మస్ కాక్టస్ మాత్రం వేరే లోకం, అది బ్రెజిల్ కొండ అడవుల్లో చెట్లకొమ్మల మీద పెరిగేది, దానికి నీడ, చెమ్మ కావాలి, రోజూ పన్నెండు గంటలకి పైగా కటిక చీకటి ఆరేడు వారాలు దొరికితే మొగ్గ వేస్తుంది, రాత్రిపూట గదిలో లైటు వెలుగుతూ ఉంటే వెయ్యదు.

ప్రశ్న: మా కాక్టస్ గీసుకుంటే పాలు కారాయి, ప్రమాదమా?

జవాబు: అలా ధారగా తెల్లటి పాలు వచ్చాయంటే అది చాలావరకు కాక్టస్ కాదు, బొమ్మజెముడు లాంటి యూఫోర్బియా. కాక్టస్ ముళ్ళు చిన్న నూగు దిండు లాంటి చోటు నుంచి గుత్తిగా వస్తాయి, యూఫోర్బియాకి ఆ దిండు ఉండదు. ఆ పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. కొమ్మలు కోసేటప్పుడు గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. ఒంటి మీద పడితే సబ్బుతో కడగండి. కంట్లో పడితే మాత్రం పదిహేను ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళతో కడుగుతూ ఉండి వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మొక్క ఫొటో ఒకటి ఫోన్లో తీసుకెళ్ళి చూపించండి.