కాలు ముందు, గేదె తర్వాత

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి సాఫీగా సాగింది. రెండోసారి కారు ప్రయాణం దగ్గర ఆగిపోయాను. నీ హీరో పన్నెండేళ్లుగా హైదరాబాద్ నుంచి విజయవాడకి కారు నడుపుతున్నాడు. నాన్నకి సీరియస్‌గా ఉందని ఫోనొస్తే బయల్దేరాడు. అలాంటివాడు దారి పొడవునా మోదుగుపూలు, చెరువులో కొంగలు, దాబా ముందు నులకమంచాలు చూసుకుంటూ వెళ్తున్నాడు. చూడడయ్యా. అవన్నీ చూసింది నువ్వు.

పోయినేడు అదే రోడ్డు మీద నేనొక్కణ్ణే వస్తున్నాను. పొద్దున మా అక్కతో ఫోన్లో మాటామాటా అనుకున్నాం. పంతంగి టోల్‌గేటు దాటాక అది మళ్ళీ బుర్రలో మొదలైంది. తను ఇలా అంటే నేనలా అనాల్సింది కదా అని. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బండి ఆగాక గానీ ఈ లోకంలోకి రాలేదు. మధ్యలో కొర్లపహాడ్ టోల్‌గేటుంది, సూర్యాపేట ఉంది, కోదాడ ఉంది. వంద కిలోమీటర్ల పైమాటే. ఒక్కటీ గుర్తులేదు. కొర్లపహాడ్‌లో ఫాస్టాగ్ డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ మాత్రం ఫోన్లో ఉంది.

ఆ రాత్రి పడుకోబోతుంటే ఒక లారీ వెనక దిష్టికి కట్టిన పాత చెప్పు కళ్ళముందు ఊగింది. ఎడమకాలిది. బొటనవేలి పట్టీ తెగిపోయి ఉంది. ఆ లారీ వెనకాల ఎంతసేపు వచ్చానో, ఎక్కడ ఓవర్‌టేక్ చేశానో ఇప్పటికీ తెలీదు.

మరి నేను చూడలేదా, చూసి నిలుపుకోలేదా? దీని మీద శాస్త్రవేత్తలకే ఒక మాట కుదరలేదు. కానీ గుడేల్, మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ఒక పరీక్ష నీకు చెప్పాలి. వాటర్ హీటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఒకావిడ మెదడు దెబ్బతింది. కళ్ళు బాగానే ఉన్నాయి గానీ వస్తువుల ఆకారం పోల్చుకోలేదు. పోస్టు డబ్బాకి ఉండేలాంటి సందు ఒకటి ఎదురుగా పెట్టి, ఇది నిలువుగా ఉందా, వాలుగా ఉందా, చేతిలో కార్డు తిప్పి చూపించమన్నారు. చూపించలేకపోయింది. సరే, కార్డు అందులో వెయ్యమన్నారు. చెయ్యి చాచి, దారిలోనే మణికట్టు సరిగ్గా తిప్పి వేసేసింది! ఇది ఫలానా వస్తువని గుర్తుపట్టే చూపు వేరు, చేతిని నడిపించే చూపు వేరు, మెదడులో వాటి దారులే వేరని 1992లో వాళ్ళు ప్రతిపాదించారు. కారు నడపడమంతా ఆ రెండో దారి పనే అని నేననను. ఏళ్ల తరబడి పడ్డ అలవాటు కూడా ఉంది. కథకి మాత్రం ఈ ముక్క చాలు: మనిషికి తెలిసేలోపే చెయ్యి పని కానిచ్చేస్తుంది.

ఇక నీ గేదె సంగతి. నందిగామ దాటాక అది అడ్డం వస్తుంది. నువ్వు ముందు దాని కొమ్ములు వర్ణించావు, తర్వాత హీరో గుండె ఝల్లుమంది, ఆ తర్వాత బ్రేకు వేశాడు. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. నీ వర్ణన అయ్యేసరికి గేదె బానెట్ మీద ఉంటుంది. వరస తిరగెయ్యి. కాలు బ్రేకు మీద పడాలి, సీటుబెల్టు ఛాతీకి కోసుకోవాలి, పక్క సీట్లో టిఫిన్ డబ్బా కింద పడి సాంబారు ఒలకాలి. అప్పుడు గేదె. దడ ఇంకా ఆలస్యంగా వస్తుంది, బండి మళ్ళీ గేర్లో వేసేటప్పుడు చేతులు వణుకుతాయి చూడు, అప్పుడు.

మోదుగుపూలు తీసెయ్యమని కాదు. దారిలో రాయకు. ఆస్పత్రి వరండాలో, డాక్టరు ఏదో చెబుతుంటే అతనికి ఆ ఎరుపు గుర్తుకురానీ. ఎక్కడ చూశానా అని అతనే తడుముకోవాలి. నువ్వు అందించకు.

కొమ్ముల మీద మూడు వాక్యాలున్నాయి. ఒకటి ఉంచు, అది కూడా కారు ఆగాక.

తిరగరాసి పంపు, లేదా వచ్చే నెల విజయవాడ వచ్చినప్పుడు చేతికివ్వు. ఈసారి బస్సులో వస్తున్నాను, కిటికీ పక్క సీటు బుక్ చేసుకున్నాను.

మీ అన్నయ్య