కొనాలనిపించిన పనిముట్టు, చెప్పాల్సిన లెక్క

ప్రశ్న: సెలవు రోజుల్లో వడ్రంగం పని చేయడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. చిన్న బల్లలు, పుస్తకాల అరలు, పెట్టెలు చేస్తుంటాను. చెక్కపలకలను ఒకే మందానికి చదును చేసే ప్లేనర్ యంత్రం కొనాలని ఇప్పుడు మనసు పడుతున్నాను. సామాను మనమే చేసుకుంటే డబ్బు మిగులుతుందని, ప్రస్తుతం తగ్గింపు ధరకు వస్తోందని, ఒకసారి కొంటే జీవితాంతం ఉంటుందని నా భార్యకు చెప్పాను. ‘పోయినసారీ ఇవే చెప్పారు’ అని ఆమె అంది. గతంలో కొన్ని పనిముట్ల ధర ఆమెకు తగ్గించి చెప్పిన మాట వాస్తవం. రెండు మూడింటిని ఇంకా అట్టపెట్టెల్లోంచి బయటికి తీయలేదు. ఆమెను ఒప్పించడం ఎలా?

జవాబు: మీరు రాసిన మూడు కారణాలూ మీ భార్యకంటే ముందు మీకు మీరు చెప్పుకున్నవే. ఆమె వాటికి లొంగలేదంటే వాటిలో ఏదో తేలిపోతోందన్నమాట. అందుకే ఒప్పించే ఉపాయం వెతికే ముందు ఆ కారణాలనే తట్టి చూద్దాం.

డబ్బు మిగులుతుందన్న వాదన అన్నిటికంటే బలహీనమైనది. మీరు చేసే ఒక్క పుస్తకాల అరకు కలప, జిగురు, మరలు, పాలిష్, గరుకు కాగితం అన్నీ చిల్లర ధరకే కొనాలి; టోకున కొని వందల అరలు చేసే కర్మాగారంతో ఆ లెక్కలో పోటీ పడలేరు. దానికి పనిముట్ల ఖర్చు, మీ సెలవు రోజుల సమయం కలిపితే వాదన అక్కడే ముగుస్తుంది. పైగా స్వహస్తాలతో చేసిన వస్తువుకు మనం కట్టే విలువను కూడా నమ్మలేం. మైకేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన పరిశోధనలో, కాగితం మడిచి కొంగలూ కప్పలూ చేసినవారు తమ పనికి దాదాపు నిపుణుల పనికి ఇచ్చినంత విలువ ఇచ్చారు. బయటివారు మాత్రం వాటికి ఎంతో తక్కువ ఇస్తామన్నారు. మీ బల్ల విషయంలో ఆ బయటి మనిషి స్థానంలో మీ భార్య ఉండవచ్చు. ఆమెను తప్పు పట్టకండి.

తగ్గింపు ధర సంగతి మరింత చిత్రమైనది. ఆర్థిక శాస్త్రంలో 2017లో నోబెల్ బహుమతి పొందిన రిచర్డ్ థేలర్, కొనుగోలులో రెండు రకాల సంతృప్తి ఉంటుందని 1985లోనే వివరించారు: వస్తువు వల్ల కలిగేది ఒకటి, మంచి బేరం దొరికిందన్న భావన వల్ల కలిగేది మరొకటి. మొదటిది వస్తువును వాడినంత కాలం అందుతూనే ఉంటుంది. రెండోది డబ్బు చెల్లించిన కాసేపటికే ఆవిరైపోతుంది. మీ ఇంట్లో ఇంకా తెరవని అట్టపెట్టెలు ఆ రెండో సంతృప్తి కోసం కొన్నవేనని నా అనుమానం.

జీవితాంతం ఉంటుందన్న మాట కొన్నిటికి నిజమే, అన్నిటికీ కాదు. మంచి ఉలి, మూలమట్టం, ముక్కలను బిగించి పట్టే క్లాంపులు తరాలపాటు నిలుస్తాయి. బ్యాటరీతో నడిచే డ్రిల్లు అలా నిలవదు. లిథియం అయాన్ బ్యాటరీ వాడకుండా పక్కన పెట్టినా కాలంతోపాటు దాని సామర్థ్యం తగ్గిపోతుంది. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరో కంపెనీ యంత్రానికి పట్టదు కాబట్టి, 18 వోల్టుల డ్రిల్లు ఒకటి కొన్న రోజే ఆ తరువాత కొనబోయే రంపాన్నీ, చెక్కను రుద్ది నున్నగా చేసే సాండర్‌నూ కూడా సగం నిర్ణయించేసినట్టే. దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు, ఇంట్లో మీరూ చెప్పి ఉండరు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష సూచిస్తాను. మీ దగ్గరున్న ఉలిని చివరిసారి ఎప్పుడు సానపట్టారు? 25 నుంచి 30 డిగ్రీల వాలు చెడకుండా 1000 గ్రిట్ రాయి మీద (గ్రిట్ సంఖ్య పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది) రుద్దుతూ పోతే, కాసేపటికి అంచు రెండోవైపున బొటనవేలికి సన్నని గరుకు తగులుతుంది. ఆ గరుకు అంచు పొడవునా ఒకేలా తగిలే వరకు ఆపకూడదు. ఆ పైన 6000 గ్రిట్ రాయి మీద రెండువైపులా మెరుగు పెట్టి, ఒక మెత్తని చెక్క ముక్కను తీసుకుని, పోగులు తెగి కనిపించే చివర మీద పెట్టి నెట్టాలి. చెక్క నలిగి పొడి రాలితే ఇంకా సాన కావాలి. పలుచని పొర లేచి, కింద నున్నటి మెరుపు కనిపిస్తే ఉలి సిద్ధమైనట్టే. మొద్దుబారిన ఉలితో విసిగిపోయి కొత్త యంత్రాల వైపు చూసేవారు తక్కువేమీ కాదు. అందుకే పనిముట్ల మీద ఖర్చు పెట్టదలిస్తే మొదటి పద్దు సానరాయికే కేటాయించమంటాను.

ఇక ప్లేనర్ విషయానికి వస్తే, దాని మీద రాసి ఉన్న ధర మొత్తం ఖర్చు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి పొట్టునూ ధూళినీ పీల్చే యంత్రం, మంచి మాస్కు కూడా కొనాల్సిందే. శబ్దం మరో సంగతి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. మీరు చెవులకు రక్షణ పెట్టుకుంటారు సరే, పక్క గదిలో ఉన్నవారి మాటేమిటి? ఆమె అభ్యంతరం డబ్బు గురించే అయి ఉంటుందని మీరు అనుకుంటున్నారు గానీ, గది, శబ్దం, దుమ్ము, మీరు కనబడకుండా పోయే సెలవు రోజు కూడా అందులో కలిసి ఉండవచ్చు. ఒకసారి ఆమెనే అడిగి చూడండి.

నా సలహా ఇది. ముందు తెరవని పెట్టెలు తెరిచి, వాడనివి తిప్పి పంపడమో అమ్మడమో చేయండి. తగ్గించి చెప్పిన ధరలను మీరే సరిదిద్ది చెప్పండి. అవి ఆమె కంటబడే దాకా ఆగితే ప్లేనర్ మాట అటుంచి, సానరాయి కూడా అనుమానాస్పదమైపోతుంది. తరువాత ఇద్దరూ కూర్చుని, ఇంటి అవసరాలూ పొదుపూ పోను ప్రతి నెలా ఇద్దరికీ సమానంగా, లెక్క అడగని సొంత డబ్బు కొంత కేటాయించుకోండి. ఆమెకు సంపాదన ఉన్నా లేకపోయినా, మీకున్నట్టు ఒక వ్యాపకం ఉన్నా లేకపోయినా ఆ భాగం సమానంగానే ఉండాలి. ఆ డబ్బుతో కొన్నదానికి ఏ సమర్థనా అక్కర్లేదు. ‘నాకు ఇష్టం, అందుకే కొన్నాను’ అన్నది చాలినంత కారణం. ప్లేనర్‌కు అది కూడేవరకు పలకలను యంత్రం ఉన్నచోట కూలికి చిత్రిక పట్టించుకోండి. అలా తిరగడం నిజంగానే మీ పనికి అడ్డం పడుతోందా, లేక రెండు నెలల్లో ఒక్కసారే అవసరమవుతోందా అన్నది ఈలోగా ఇద్దరికీ తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను కుట్టుపని సరదాగా చేస్తాను. ఓవర్‌లాక్ మిషన్ కొంటానంటే ‘ఒక మిషన్ ఉందిగా’ అంటున్నారు మావారు. ఆ మిషన్‌తో ఈ పని జరగదని ఆయనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

జవాబు: మీరు ఏ బట్ట కుడుతున్నారన్న దాని మీద సమాధానం ఆధారపడి ఉంటుంది. ఓవర్‌లాక్ మిషన్ బట్ట అంచును కత్తిరిస్తూనే మూడు నాలుగు దారాలతో చుట్టి కుడుతుంది. ఆ కుట్టు బట్టతోపాటు సాగుతుంది కాబట్టి టీషర్టుల్లాంటి సాగే బట్టలు తరచుగా కుట్టేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది. నేత బట్టలే కుడుతుంటే మీ పాత మిషన్‌లోని జిగ్‌జాగ్ కుట్టు అంచులు విడిపోకుండా చాలావరకు ఆపగలదు, కాబట్టి మీవారి మాటలో కొంత సబబు ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఏదైనా ఒక సాగే బట్టను ముందు జిగ్‌జాగ్‌తో కుట్టి, తెలిసినవారి ఓవర్‌లాక్ మిషన్ మీద మరో ముక్క కుట్టించి, రెండింటినీ ఆయన చేతికిచ్చి లాగి చూడమనండి. కొన్నాక కూడా పాత మిషన్‌ను అమ్మవద్దు, ఎందుకంటే కాజాలు కుట్టడం, జిప్పులు వేయడం ఓవర్‌లాక్ వల్ల కాదు.