నర్సరీ సీటు కోసం అత్తగారి గాజులు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులమే. అన్నీ పోను నెలకు 1,35,000 చేతికొస్తుంది. ఫ్లాట్ ఈఎంఐ 48,000, ఇంటి ఖర్చులు 45,000. జూన్‌కి పాపకు మూడేళ్లు నిండుతాయి. నాలుగు స్కూళ్లకు అప్లై చేశాం. రెండు చోట్ల పేరెంట్స్ ఇంటరాక్షన్ అయ్యాక సీటు లేదన్నారు, కారణం చెప్పలేదు. ఒకచోట వెయిటింగ్ లిస్ట్. నాలుగో స్కూల్లో సీటు వచ్చింది. అడ్మిషన్‌కి 1,50,000 (అందులో 25,000 తిరిగిచ్చే డిపాజిట్), ఏడాది ఫీజు 1,80,000, బస్సు 45,000. వారంలోగా కట్టాలి. ఎఫ్‌డీలో 3,20,000 ఉన్నాయి, అవి కదపడం ఇష్టం లేదు. మా అత్తగారు తన గాజుల మీద గోల్డ్ లోన్ తీసుకోమంటున్నారు, మా వారు పర్సనల్ లోన్ అంటున్నారు. ఏది మేలు? ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో 90,000 ఫీజు స్కూల్ ఒకటుంది కానీ, చుట్టాలంతా ‘అందులోనా?’ అంటున్నారు. ఈ ఖర్చులు చూశాక రెండో బిడ్డ ఆలోచన మానుకున్నాం. – ఒక పాఠకురాలు

జవాబు: వడ్డీ ఒక్కటే చూస్తే బ్యాంకులో గోల్డ్ లోనే చవక. కానీ నా సలహా రెండూ వద్దనే. నర్సరీ ఫీజుకే అప్పు చేయాల్సి వస్తోందంటే ఆ స్కూలు మన బడ్జెట్‌లో లేదని అర్థం. ఇల్లు కొంటే ఈఎంఐ ఎప్పటికో ఒకప్పటికి ఆగుతుంది. స్కూలు ఫీజు ఏటా పెరుగుతూనే పోతుంది.

మీరు ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేసిన రెండో బిడ్డ విషయంతోనే మొదలుపెడదాం. అసలు లెక్క అక్కడే ఉంది.

ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఆ స్కూలుకు నెలకు 20,000 అనుకుందాం. ఇప్పుడు మీకు మిగిలే 42,000లో అది సరిపోతుంది కాబట్టే ధైర్యం వస్తోంది. ఐదేళ్ల తర్వాత చూడండి. పాప రెండో తరగతి దాటి ఉంటుంది, రెండో బిడ్డ నర్సరీలో చేరే వయసు. ఫీజులు ఏటా 10 శాతం పెరిగితే ఒక్కొక్కరికి 32,000, ఇద్దరికీ 64,000. మీ జీతాలు ఏటా 7 శాతం పెరిగాయనుకుంటే 1,89,000 వస్తుంది. ఈఎంఐ పోయి, 60,000కు చేరిన ఇంటి ఖర్చులు పోయి, ఫీజులు పోతే మిగిలేది 17,000. పెద్దవాళ్ల ఆస్పత్రి ఖర్చులు, మీ రిటైర్మెంట్ పొదుపు, సంక్రాంతికి ఊరెళ్లి రావడం అన్నీ అందులోనే. ప్రసవం తర్వాత మీరు ఏడాది ఉద్యోగం ఆపితే అదీ ఉండదు.

అదే ఇంటి దగ్గరి స్కూలైతే బస్సు లేదు. అన్నీ కలిపి ఇప్పుడు నెలకు 9,000. అంతే వేగంగా పెరిగినా ఐదేళ్లకు ఇద్దరికీ 29,000. చేతిలో 52,000 మిగులుతుంది. రెండో బిడ్డ కావాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం, అందులో నేను వేలు పెట్టను. ఆ నిర్ణయం మాత్రం ఒక స్కూలు ఫీజు రసీదు చేతిలో పెట్టకండి.

ఇక ఒకే పాప అనుకున్నా, నర్సరీ నుంచి పదో తరగతి వరకు 13 ఏళ్లు. 1,80,000తో మొదలై ఏటా 10 శాతం పెరిగే ఫీజు మొత్తం 44 లక్షలు అవుతుంది, పదో తరగతి ఒక్కదానికే 5,65,000. ఇంటి దగ్గరి స్కూలుకు ఇందులో సగం. ఆ తేడాను, అంటే ఈ ఏడాది నెలకు 7,500 చొప్పున, ఏటా 10 శాతం పెంచుతూ పొదుపు చేస్తే, 7 శాతం రాబడి వచ్చినా పదో తరగతి అయ్యేసరికి 31 లక్షలు పోగవుతాయి. మన దగ్గర పెద్ద ఖర్చు మొదలయ్యేదే అక్కడ: ఇంటర్, జేఈఈ లేదా నీట్ కోచింగ్, హాస్టల్, ఆ తర్వాత కన్వీనర్ సీటు రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా. నర్సరీలో ఇంటర్నేషనల్ స్కూలని చేర్చి, పది అవ్వగానే అందరూ వెళ్లే కార్పొరేట్ కాలేజీకే పంపే ఇళ్లు హైదరాబాద్‌లో ఎన్ని లేవు!

పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతా లేకపోతే ఈ నెలలోనే తెరవండి. 2024 జనవరి నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు, దాన్ని మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. పద్దెనిమిదేళ్లు నిండాక, లేదా పది పాసయ్యాక, చదువు కోసం సగం వరకు తీసుకోవచ్చు. మిగతాది ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లలో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్) సిప్‌లో, అంటే నెలనెలా ఇంత అని వేయండి.

అడ్మిషన్ ఫీజులో తిరిగిరానిది 1,25,000. పదమూడేళ్లూ అక్కడే చదివితే ఏడాదికి పదివేల లోపే. ఉద్యోగం మారి మూడేళ్లకే గచ్చిబౌలి వైపో, బెంగళూరో వెళ్లారనుకోండి, ఏడాదికి 41,000 పైనే పడినట్టు. పన్ను మినహాయింపు ఉందని స్కూలువాళ్లు చెబితే పొంగిపోకండి. ట్యూషన్ ఫీజుకు ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే. డొనేషన్‌కి, బస్సుకి అక్కడా లేదు.

కారణం చెప్పకుండా కాదన్న ఆ రెండు స్కూళ్ల మీద మీ కోపం న్యాయమైనదే. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజునూ, పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వడపోయడాన్నీ నిషేధించింది. స్కూలు ప్రకటించిన ఫీజు కాక ఇంకేం వసూలు చేసినా క్యాపిటేషనే, దానికి పదింతల వరకు జరిమానా ఉంది. అయితే ఆ చట్టం ప్రధానంగా 6 నుంచి 14 ఏళ్ల వాళ్లది. వడపోత నిషేధం నర్సరీ అడ్మిషన్లకు వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2013లోనే చెప్పింది. ‘ఇంటరాక్షన్’ అనే పేరుతో ఇంటర్వ్యూలు సాగుతున్నది ఆ సందులోనే. దాని మీద పోరాడాలంటే పోరాడండి, తప్పులేదు. పాప ఎందులో తక్కువైందో అని మాత్రం రాత్రుళ్లు టెన్షన్ పడకండి. మూడేళ్ల పిల్లలో తక్కువేముంటుంది?

ఈ వారంలో చేయాల్సింది ఇది. సీటు వచ్చిన స్కూలుకు మెయిల్ రాసి మూడు విషయాలు అడగండి: గత మూడేళ్లలో ఫీజు ఎంత పెరిగింది, చేరకముందే మానుకుంటే ఎంత వెనక్కిస్తారు, గడువు పదిహేను రోజులు పొడిగిస్తారా. జవాబు నోటితో చెబితే ఒప్పుకోవద్దు. రసీదు లేకుండా నగదు అడిగితే అక్కడితో ఆపేయండి. ఈలోగా మీ వారితో కలిసి దగ్గరి స్కూలుకు వెళ్లి, క్లాసులో ఎంతమంది పిల్లలు, టీచర్లు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు అని కనుక్కోండి. ‘అందులోనా?’ అన్న చుట్టాలు ఫీజు కట్టరు కదా. తర్వాత పెద్ద స్కూలే కావాలనిపిస్తే దారి మూసుకుపోదు. ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి ఐఐటీ ఫౌండేషన్ అంటూ చాలామంది వెళ్లిపోతారు, సీట్లు ఖాళీ అవుతాయి.

ఎఫ్‌డీ కదపకూడదన్న మీ మాట సరైనదే. అది మీ ఇంటికి మూడున్నర నెలల ఖర్చు, ఆరు నెలలకు పెంచండి. ఒక విషయం మీరు రాయలేదు: టర్మ్ ఇన్సూరెన్స్, అంటే పాలసీ కాలంలో మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా. మీ ఇద్దరి జీతాల మీద ఫ్లాటూ, పాప చదువూ నడవాలి కాబట్టి ఒక్కొక్కరికి కనీసం కోటి రూపాయల పాలసీ ఉండాలి. లేకపోతే అడ్మిషన్ కంటే ముందు ఆ ఫారం నింపండి.